జెండా లేని విజయము

ధ్యానమునకు: 2 సమూయేలు 18:19–33, హెబ్రీ. 12:1–3

దావీదు రాజునకు యుద్ధవార్త చెప్పుటకు ఇద్దరు పరుగెత్తిరి. కూషీయుడు ముందుగా బయలుదేరెను. సాదోకు కుమారుడైన అహిమయస్సు ఆలస్యముగా బయలుదేరియు, మైదానపు మార్గమున పోయి అతనిని దాటిపోయెను. గుమ్మముమీది కావలివాడు దూరమునుండియే ఆ పరుగు ఎవరిదో గుర్తుపట్టెను. అయితే రాజు తన కుమారుని క్షేమము అడిగినప్పుడు, ముందు చేరినవానియొద్ద జవాబు లేదు. జవాబు వెనుక వచ్చుచున్నవాని నోట నుండెను. ఆదివారపు బడిలో ఈ అధ్యాయము చెప్పునప్పుడు మనము మస్తకి వృక్షమున వ్రేలాడిన అబ్షాలోము దగ్గరనే ఆగిపోవుదుము. ఈ ఇద్దరు పరుగువాండ్రను పట్టించుకొనము. ముందు చేరుట ఒకటి, చేరినవాడు ఏ వార్తను మోసికొని వచ్చెననునది మరియొకటి. ఈ రెంటికిని గల భేదమును మనస్సున నుంచుకొని, ఈ నెల ఫిన్లాండు దేశస్థుడైన హన్నెస్ కొలెహ్మాయినెన్ అను పరుగు పందెగాని జీవితమును చదువుదము.

ఫిన్లాండు బహుదూరమున నున్న ఉత్తర దేశము. నార్వే, స్వీడను దేశములకు తూర్పున, రష్యాకు పడమట నున్నది. పులికాటు ఒడ్డున పెరిగిన మనకు సరస్సు అనగా ఉప్పునీరు, పడవలు, రొయ్యలు. ఆ దేశమువారికి సరస్సు అనగా చలికాలమున గడ్డకట్టి, మనుష్యులు పైన నడచిపోవు నీరు. అట్టి సరస్సులు అచ్చట వేలకొలది కలవు. ఆ ప్రజలలో అధికసంఖ్యాకులు లూథరన్ సంఘమునకు చెందినవారు. 1865లో మైలియస్ దొరగారు పని ప్రారంభించిన నాటినుండి లూథరు బోధ వినుచున్న మన ప్రాంతమువారికి ఆ దేశము పూర్తిగా పరాయిది కాదు. అయితే దానికి స్వాతంత్ర్యము లేదు. అనేక శతాబ్దములు స్వీడను రాజుల క్రింద నుండి, 1809 నుండి రష్యా చక్రవర్తి ఏలుబడిలోనికి పోయెను. 1899 తరువాత ఆ ప్రభుత్వము తన చట్టములను, తన భాషను ఆ ప్రజలపై మరింత బలవంతముగా మోపసాగెను.

కుయోపియో అను సరస్సుల నడిమి పట్టణమున 1889 డిసెంబరు 9వ తేదీన హన్నెస్ జన్మించెను. అతని సోదరులైన విల్యామి, తాతు కూడ పరుగు పందెగాండ్రే. చలికాలమున మంచుపై స్కీ కర్రలతో జారిపోవుట, వేసవిలో పరుగెత్తుట, ఇదియే వారి అభ్యాసము. ఇటుకలు పేర్చి గోడలు కట్టుట హన్నెస్ వృత్తి. మాంసము ముట్టనివాడని పేరు. బలము కావలెనన్న మాంసము తినవలసినదే అని మన ఊళ్లలో వస్తాదులు చెప్పుదురు గాని, దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చదివినవారు ఈ సంగతికి ఆశ్చర్యపడనక్కరలేదు. ఎప్పుడును నవ్వు ముఖముతో నుండువాడగుటచేత అతనిని స్వదేశీయులు నవ్వుల హన్నెస్ అని పిలిచిరి.

1912 జూలై మాసమున స్వీడను రాజధానియగు స్టాక్‌హోములో ఒలింపిక్ పందెములు జరిగెను. అప్పటికి అతనికి 22 సంవత్సరములు. జూలై 7వ తేదీనుండి 15వ తేదీ వరకు, తొమ్మిది దినములలో ఆరు పందెములు పరుగెత్తెను. దూరమంతయు కలిపిన ఇంచుమించు 45 కిలోమీటర్లగును. ఈ కాలపు పందెగాండ్రు ఒక్క పందెమునకు పెట్టుకొను విశ్రాంతిని చూచిన, ఇది ఎట్లు సాధ్యమైనదో అనిపించును.

8వ తేదీన 10,000 మీటర్ల పందెమున అతడు 31 నిమిషముల 20.8 సెకండ్లలో మొదట చేరెను. రెండవవాడు ముప్పాతిక నిమిషము తరువాతనే వచ్చెను. ఆ రెండవవానిని గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. అతని పేరు లూయీ తెవానిమా. అమెరికాలోని అరిజోనా ఎడారిలో నివసించు హోపీ జాతివాడు. పిల్లలను ప్రభుత్వ పాఠశాలలకు పంపుటకు ఒప్పుకొనని హోపీలను సైనికులు పట్టుకొనిన కాలమున, 1907లో, అతనిని కూడ బంధించి దూరదేశమగు పెన్సిల్వేనియాలోని పాఠశాలకు పంపిరి. అక్కడ అతడు పరుగు పందెగాడాయెను. ఏ ప్రభుత్వము తన్ను చెరపట్టెనో ఆ ప్రభుత్వపు జెండాకే వెండి పతకము తెచ్చెను. అతని జాతివారందరికి ఆ దేశపు పౌరసత్వము 1924లో గాని దొరకలేదు. క్రైస్తవ దేశములని చెప్పుకొనినవి చేసిన ఇట్టి పనులను మనము కప్పిపుచ్చరాదు.

5,000 మీటర్ల పందెము 10వ తేదీన జరిగెను. ఫ్రాన్సు దేశపు మార్సేల్ పట్టణమువాడైన జాన్ బువాన్, కొలెహ్మాయినెన్, ఈ ఇద్దరును తక్కినవారినందరిని వెనుక విడిచిపోయిరి. బువాన్ ముందు, హన్నెస్ వెనుక. హన్నెస్ దాటబోవును, బువాన్ వేగము హెచ్చించి దాటనీయడు. మరల ప్రయత్నించును, మరల అదే. చివరి చుట్టు వచ్చెను. గీత కొన్ని అడుగుల దూరమున నున్నప్పుడు హన్నెస్ ముందునకు దూకెను. అతనికి 14 నిమిషముల 36.6 సెకండ్లు, బువాన్‌కు 14 నిమిషముల 36.7 సెకండ్లు. సెకనులో పదవ వంతు భేదము. అంతకుముందు లోకములో లెక్కకు వచ్చిన శ్రేష్ఠమైన కాలము 15 నిమిషములకు పైననే యుండెను. గనుక ఓడినవాడు కూడ పాత హద్దును దాటియే ఓడెను. మూడవవాడు ఇంగ్లాండు సైనికుడగు జార్జి హట్సన్, అరనిమిషము తరువాత వచ్చెను. ఈ మూడు పేర్లను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

జనులు కేకలు వేయుచుండగా, గెలిచినవాని దేశపు జెండా స్తంభమున పైకి లేచెను. అది రష్యా చక్రవర్తి జెండా. ఫిన్లాండువారు ప్రత్యేక జట్టుగా వచ్చిరి గాని, వారికంటూ ఎగురవేయుటకు జాతీయ పతాకము అనుమతింపబడలేదు. ఆ జెండాను చూచినప్పుడు తాను గెలువకపోయినను బాగుండెడిదేమో అని అతనికి అనిపించినదని చెప్పుదురు. నవ్వుల హన్నెస్ ఆ దినమున నవ్వెనో లేదో గాని, ఈ సంగతిని ఫిన్లాండు ప్రజలు మరచిపోలేదు.

సూళ్లూరుపేటవారమగు మనకు దీని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. 1980 జూలై 18న శ్రీహరికోటనుండి మన దేశపు ఉపగ్రహము మొదటిసారి విజయవంతముగా పైకి పోయినది మొదలు, మిద్దెలమీద నిలిచి ఆ నిప్పును చూచుట మనకు అలవాటు. ఆ వాహనముమీద మూడు రంగుల జెండా వ్రాయబడియుండును. మన ఒడ్డునుండి, మన మనుష్యుల చేతిపనితో, మరియొక దేశపు జెండా మాత్రమే వ్రాయబడి అది పైకి పోయినయెడల ఎట్లుండునో ఒక్క క్షణము ఊహించుకొనుడి. అమాలేకీయులను జయించిన పిమ్మట మోషే బలిపీఠము కట్టి దానికి యెహోవా నిస్సీ అని పేరు పెట్టెను. యెహోవాయే మా ధ్వజమని దాని భావము. గెలిచిన తరువాత ఎవరి పేరు పైకెత్తబడునను ప్రశ్న అంత పాతది. హన్నెస్ అహిమయస్సువలె అందరికంటె ముందు చేరెను. కాని అతని రాక లోకమునకు చెప్పిన వార్త రష్యా గెలిచినదని. అతడు చెప్పదలచిన వార్త ఇంకను వెనుక మార్గముననే యుండెను. అది చేరుటకు ఎనిమిది సంవత్సరములు పట్టెను.

12వ తేదీన 3,000 మీటర్ల జట్టు పందెమున అతడు మరల లోకములోని శ్రేష్ఠకాలమును సాధించెను గాని, జట్టు ఓడిపోయెను. 15వ తేదీన పొలములు, అడవులగుండ సుమారు 12 కిలోమీటర్ల పందెము గెలిచెను. మొత్తము మూడు బంగారు పతకములు, జట్టుతో ఒక వెండి పతకము.

ఆ సంవత్సరమే అతడు అమెరికాకు పోయెను. న్యూయార్కు పట్టణమున ఇటుకపని చేసికొనుచు జీవించెను. లోకప్రసిద్ధుడైనవాడు మరునాడు తాపీ చేతపట్టుకొని గోడకు నిలుచుట మనకు వింతగా తోచవచ్చును. ఆ దినములలో పందెమునకు ధనము పుచ్చుకొనినవానికి ఒలింపిక్ పందెములలో చోటు లేదు. సోదరుడు విల్యామి ధనమునకు పరుగెత్తు మార్గము పట్టెను; హన్నెస్ పట్టలేదు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి తన పని జరుపుకొనినట్లు, ఇతడు గోడలు కట్టి తన పరుగు జరుపుకొనెను. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. చేతిపని చేయువానిని సంఘములో వెనుక వరుసలో కూర్చుండబెట్టు అలవాటు మనలో ఇంకను పోలేదు గనుక ఈ మాట వ్రాయుచున్నాను.

1914 ఆగస్టులో మహాయుద్ధము వచ్చెను. జార్జి హట్సన్ తన పటాలముతో ఫ్రాన్సునకు పోయి, సెప్టెంబరు 14న ఏన్ నదియొద్ద జరిగిన యుద్ధమున చనిపోయెను. జాన్ బువాన్ అంతకు ముందు సంవత్సరమే స్టాక్‌హోముకు మరల వచ్చి, ఒక గంటలో 19 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి లోకమును అబ్బురపరచియుండెను. అతడు కూడ సైనికుడై, సెప్టెంబరు 29న మరణించెను. వయస్సు 25 సంవత్సరములు. స్టాక్‌హోములో 5,000 మీటర్ల పందెమున పతకములు పుచ్చుకొనిన ముగ్గురిలో ఇద్దరు, ఒక్క మాసములో, పదునైదు దినముల ఎడముతో మట్టిలో కలిసిరి. మిగిలినవాడు సముద్రమునకు ఆవల ఇటుకలు పేర్చుకొనుచుండెను. సెకనులో పదవ వంతు భేదముతో తన్ను వెంబడించినవాడు ఇక ఎన్నడును వెంబడించడు.

ఆ యుద్ధము మన ఇసుక నేలవరకు కూడ వచ్చెను. మన ప్రాంతమున పనిచేయుచుండిన హెర్మన్స్‌బర్గు మిషనరీలు జర్మను దేశస్థులగుటచేత ప్రభుత్వము వారిని నిర్బంధించెను. వారి పని పిమ్మట అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చెను. కాపరులు లేక, వచ్చువారెవరో తెలియక, ప్రార్థన మానకుండ ఆ సంవత్సరములు గడిపిన పల్లె సంఘములను తలంచిన, ఓపికతో పరుగెత్తవలెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో చెప్పబడిన మాట పందెపు మైదానమునకు మాత్రమే కాదని తెలియును.

అమెరికాలో హన్నెస్ దీర్ఘమైన పరుగులకు అలవాటుపడెను. 1917లో బోస్టన్ పట్టణపు మారథాను పందెమున నాలుగవవాడుగా వచ్చెను. ఆ పందెము గెలిచిన బిల్ కెన్నెడీ కూడ ఇటుకపనివాడే! ఆ సంవత్సరమే డిసెంబరు 6న ఫిన్లాండు స్వతంత్ర దేశమని ప్రకటింపబడెను. అయితే స్వాతంత్ర్యమువెంట సమాధానము రాలేదు. 1918లో తెల్లవారు, ఎఱ్ఱవారు అని రెండు పక్షములై అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొనిరి. వేలకొలది జనులు ఖైదు శిబిరములలో ఆకలిచేత, రోగములచేత మరణించిరి. ఆ దుఃఖపు సంవత్సరముననే ఆ దేశము తన పతాకమును ఏర్పరచుకొనెను: తెల్లని బట్టపై నీలి సిలువ.

1920 ఒలింపిక్ పందెములు బెల్జియము దేశపు ఆంట్‌వర్ప్ పట్టణమునకు ఇవ్వబడెను. యుద్ధమున ఎక్కువగా నలిగిన దేశములలో బెల్జియము ఒకటి. ప్రారంభ దినమున ఆ పట్టణపు పెద్ద దేవాలయమున, యుద్ధమునందు చనిపోయిన క్రీడాకారులను స్మరించి ఆరాధన జరిగెను. బువాన్, హట్సన్ వంటివారు ఆ లెక్కలోనివారే. గొప్ప సాక్షిసమూహము మేఘమువలె మనలను ఆవరించియున్నదను మాటను ఆ దినమున అక్కడ కూర్చున్నవారు ఎట్లు వినియుందురో!

మారథాను పందెము ఆగస్టు 22న జరిగెను. అది ఆదివారము. నాలుగు సంవత్సరముల పిమ్మట పారిస్‌లో ఆదివారమున పరుగెత్తనని నిలిచిన ఎరిక్ లిడెల్ గారి చరిత్ర మన చదువరులు ఎరిగినదే. కొలెహ్మాయినెన్ అటువంటి నిశ్చయము చూపినవాడు కాడు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుట మంచిది గనుక వ్రాసితిని.

ఆ పందెపు దూరము 42.75 కిలోమీటర్లు. మనము సరస్సుమీది రోడ్డున శ్రీహరికోటకు పోయి తిరిగి వచ్చునంత అనుకొనవచ్చును. ఆ దినము చలిగా నుండి వాన పడుచుండెను. స్టాక్‌హోములో ఇదే పందెమున రెండవవాడుగా వచ్చిన దక్షిణాఫ్రికావాడగు గిట్షామ్, హన్నెస్ మొదట కలిసి ముందు నడచిరి. గిట్షామ్ కొనసాగలేక మార్గమధ్యమున విరమించెను. హన్నెస్ ఒంటరిగా ముందుకు సాగెను. అతని వయస్సు 30 దాటినది. వెనుక ఎస్తోనియా దేశస్థుడగు యూరి లాస్‌మన్ అంతకంతకు దగ్గరగు చుండెను. చివరకు కొలెహ్మాయినెన్ 2 గంటల 32 నిమిషముల 35.8 సెకండ్లలో గీత దాటెను. లాస్‌మన్ 12.8 సెకండ్లకు వచ్చెను. రెండున్నర గంటల పరుగున అంత స్వల్ప భేదము! మూడవవాడగు ఇటలీవాడు ఆరి, అంత దూరము పరుగెత్తిన తరువాత కూడ శక్తి మిగిలినదని చూపుటకో ఏమో, మైదానమున పిల్లిమొగ్గలు వేసెనట.

ఈసారి స్తంభముమీద నీలి సిలువ జెండా లేచెను. దాని ప్రక్కన, రెండవ స్థానమునకు, ఎస్తోనియా జెండా లేచెను. ఎస్తోనియా కూడ రష్యా చక్రవర్తి క్రిందనుండి 1918లో విడిపోయి, తన పేరిట మొదటిసారి ఒలింపిక్ పందెములకు వచ్చిన చిన్న దేశము. ఎనిమిది సంవత్సరముల క్రిందట ఒకే చక్రవర్తి ప్రజలుగా లెక్కింపబడిన ఇద్దరు, ఇప్పుడు ఎవరి జెండా క్రింద వారు నిలిచిరి. వెనుక మార్గమున వచ్చుచుండిన వార్త ఇట్లు చేరెను.

ఆ పందెముననే మన దేశస్థుడొకడు పరుగెత్తెనని చెప్పిన కొందరు నమ్మకపోవచ్చును. బెళగాం ప్రాంతమువాడైన ఫడెప్ప చౌగులే 19వ స్థానమున, హన్నెస్ తరువాత సుమారు 18 నిమిషములకు గమ్యము చేరెను. 1919లో పూనాలోని దక్కన్ జింఖానా పందెములలో పల్లెటూరి రైతుబిడ్డలు కాళ్లకు జోళ్లు లేకుండ పరుగెత్తుటను చూచిన సర్ దొరాబ్జీ టాటా గారు, వీరిని లోకపు పందెములకు పంపవలెనని పట్టుపట్టి, తన ధనము కూడ కొంత పెట్టి ఒక చిన్న జట్టును పంపిరి. చౌగులే పరుగెత్తినది బ్రిటిషు సామ్రాజ్యపు జెండా క్రింద. అతడు గెలిచియుండిన, లేచెడి జెండా అదియే. స్టాక్‌హోములో హన్నెస్‌కు కలిగిన బాధను ఆంట్‌వర్ప్ మార్గమున నడచినవారిలో ఎవరైనను గ్రహింపగలిగిరన్న, ఈ పందొమ్మిదవవాడు వారిలో ఒకడు.

తరువాతి కథ కొద్దిగా చెప్పిన చాలును. కొలెహ్మాయినెన్ స్వదేశమునకు తిరిగి వచ్చెను. 1924లో పారిస్‌లో మరల మారథాను పరుగెత్తెను గాని ముగింపలేకపోయెను. ఆ పందెము గెలిచినవాడు అతని దేశస్థుడే, ఆల్బిన్ స్టెన్‌రూస్; స్టాక్‌హోములో 10,000 మీటర్ల పందెమున హన్నెస్ వెనుక మూడవవాడుగా వచ్చినవాడు. పన్నెండు సంవత్సరములు కాచుకొని, 35వ యేట బంగారు పతకము పొందెను. ఇక 1912లో హన్నెస్ గెలుపుల వార్త విని తానును పరుగు నేర్చుకొనవలెనని పూనుకొనిన 15 సంవత్సరముల బాలుడొకడు తుర్కు పట్టణమున నుండెను. తండ్రిలేనివాడు, రొట్టెల దుకాణపు బండి త్రోయు కూలివాడు. అతడే పావో నూర్మి. 1924లో ఒక్క పారిస్‌లోనే ఐదు బంగారు పతకములు గెలిచెను. హన్నెస్ నవ్వువాడు, నూర్మి నవ్వనివాడు. ఒకని విత్తనమునుండి మరియొక రకపు చెట్టు మొలచినట్లుండును గాని, నూర్మి ఎవరిని చూచి పరుగెత్తసాగెనో దేశమంతయు ఎరుగును.

ఫిన్లాండు రాజధానియగు హెల్సింకిలో 1940లో ఒలింపిక్ పందెములు జరుగవలసియుండెను. మరల యుద్ధము వచ్చి ఆగిపోయెను. చివరకు 1952 జూలై 19న ప్రారంభమైనప్పుడు వాన కురియుచుండెను. దివిటీ పట్టుకొని మైదానమున ప్రవేశించినవాడు నూర్మి. అతనిని చూచి దేశదేశముల క్రీడాకారులు వరుసలు తప్పి ముందుకు పరుగెత్తిరి. మైదానములోని పాత్రను అతడు వెలిగించెను. 72 మీటర్లకు పైగా ఎత్తు గల గోపురముపై నున్న జ్వాలను వెలిగించుటకు 62 సంవత్సరముల కొలెహ్మాయినెన్ పైన కాచుకొనియుండెను. క్రింద మైదానమున సోవియట్ రష్యా క్రీడాకారులు మొట్టమొదటిసారి ఒలింపిక్ పందెములకు వచ్చి నిలిచిరి. ఎస్తోనియా జెండా ఆ వరుసలలో లేదు. 1940లో ఆ దేశము తన స్వాతంత్ర్యమును పోగొట్టుకొనెను. అది మరల దొరకినది 1991లో. 1984లో మరణించిన లాస్‌మన్ దానిని చూడలేదు.

హన్నెస్ కొలెహ్మాయినెన్ 1966 జనవరి 11న, తన 76వ యేట, హెల్సింకిలో, నీలి సిలువ జెండా ఎగురు స్వతంత్ర దేశమున కన్నుమూసెను.